హాల్లో టీవీ, గదిలో కంప్యూటర్: ఆటల యంత్రం కొనేముందు వేయాల్సిన లెక్క

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీటు ఖాయమైన ఇళ్లలో ఏటా ఒక బేరం మొదలవుతుంది. తిరుపతి బైరాగిపట్టెడలో అయినా, చిత్తూరు గిరింపేటలో అయినా దాని వరస ఒకటే. కాలేజీకి కంప్యూటర్ కావాలని పిల్లలు అడుగుతారు. ఎలాంటిదని పెద్దలు అడుగుతారు. కాసేపటికి మాట ఆటల బొమ్మలను తెరమీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆటల కోసమే అయితే పీఎస్5 (టీవీకి తగిలించి ఆడే సోనీ కన్సోల్, అంటే ఆటల యంత్రం) కొంటే సరిపోతుంది, అది యాభై అయిదు వేలే కదా అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆటలాడగల పీసీకి దుకాణంలో రాసిచ్చిన చీటీలో డెబ్బై, ఎనభై వేలు ఉంటుంది. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసిన తండ్రికి కన్సోలే చవక అనిపించడం సహజం.

కానీ ఆ పోలికే సరైనది కాదు. నాలుగేళ్ల చదువుకు కంప్యూటర్ ఎలాగూ కొనాలి. కోడింగ్ అయినా, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ అయినా, ప్రాజెక్టు నివేదిక అయినా కన్సోల్ మీద జరగవు. కాబట్టి అలాంటి ఇంట్లో చూడాల్సింది చదువుకు సరిపోయే కంప్యూటర్‌కూ, ఆటలు కూడా ఆడగల కంప్యూటర్‌కూ మధ్య ఉన్న తేడా. ఉదాహరణకు చదువు కంప్యూటర్ మానిటర్‌తో కలిపి నలభై వేలు అనుకుందాం. దానికి పాతిక వేల గ్రాఫిక్స్ కార్డు, ఆ కార్డును మోయగల మంచి ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) కలిపితే అదనంగా పడేది ముప్పై వేలు. కన్సోల్ దారిలో వెళ్తే నలభై వేల కంప్యూటర్ మీద మరో యాభై అయిదు వేలు. పీసీ ఖరీదైనదన్న మాట ఈ ఇంటికి వర్తించదు.

అదే లెక్క మరో ఇంట్లో పూర్తిగా తిరగబడుతుంది. ఉద్యోగం చేసుకునే మనిషికి ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది, హాల్లో పెద్ద టీవీ ఉంది, రాత్రి గంటసేపు ఆడుకుంటే చాలు. అతనికి మరో కంప్యూటర్‌తో పని లేదు. ఆ ఇంట్లో పీసీ ధర పూర్తిగా ఆటల ఖాతాలోకే వస్తుంది, కన్సోల్ అప్పుడు నిజంగానే చవక. ఏ యంత్రం గొప్పదన్న వాదన ఎన్నేళ్లు సాగినా తేలకపోవడానికి కారణం ఇదే. ఇద్దరూ తమ తమ ఇళ్ల లెక్కలే చెబుతుంటారు, ఇద్దరి లెక్కా సరైనదే.

కన్సోల్‌లో అంత శక్తి అంత తక్కువకు ఎలా వస్తుందో తెలుసుకోవడం అవసరం. పీఎస్5లో ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, ఆటలను దాచుకునే, సెకనుకు 5.5 జీబీ చదవగల ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఆ స్థాయి పీసీని అదే ధరకు కూర్చడం సాధ్యం కాదు. కన్సోల్ కంపెనీలు యంత్రం మీద పెద్దగా లాభం చూసుకోవు, తొలి రోజుల్లో నష్టానికి కూడా అమ్ముతాయి. డిస్క్ ఉన్న పీఎస్5 నష్టానికి అమ్ముడుపోయే దశ దాటిందని సోనీ చెప్పింది 2021 ఆగస్టులో, అంటే విడుదలైన తొమ్మిది నెలలకు. ఆ తగ్గింపు తర్వాత ఆటల మీద, ఆన్‌లైన్ చందా మీద తిరిగి వస్తుంది. గిత్తను చవగ్గా ఇచ్చి, దాణా మాత్రం తన అంగట్లోనే కొనాలన్న షరతు లాంటిది ఇది. షరతు తెలిసి కొంటే ఇబ్బంది లేదు. తెలియకుండా కొన్నవారికి రెండో ఏడాది దాణా ఖర్చు కనిపిస్తుంది.

మరో పాత నమ్మకం కూడా ఈ తరం కన్సోళ్లతో చెదిరిపోయింది. కొన్నాళ్లు ఆగితే ధర దిగుతుందనేది ఆ నమ్మకం. పీఎస్4 మన దేశానికి 2014 జనవరిలో 39,990 రూపాయలకు వచ్చి, తర్వాతి ఏళ్లలో ముప్పై వేల లోపుకు దిగింది. పీఎస్5 2021 ఫిబ్రవరి 2న 49,990కి వచ్చింది. 2022 చివర్లో 54,990 అయింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్లిమ్ నమూనా కూడా అదే ధరకు వచ్చింది. ఆగినవారికి మిగిలిందేమీ లేదు.

పీసీ విడిభాగాల ధరలు ఇంకా నిలకడ లేనివి. 2021లో ఎథీరియం లాంటి క్రిప్టో కరెన్సీలను గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు కట్టి తవ్వేవారి గిరాకీ వల్ల ఆ కార్డులు అందని ద్రాక్ష అయ్యాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మార్చుకున్నాక కార్డులతో తవ్వే అవసరం పోయి ధరలు నేలకు దిగాయి. 2025 చివరి నుంచి ఆ వంతు కంప్యూటర్ మెమరీ అయిన ర్యామ్‌కు వచ్చింది. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మింగేస్తుండటంతో ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ సంస్థ మామూలు వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి సమయంలో పీసీ కూర్చుకునేవారు 16 జీబీ ఒక్క స్టిక్కుగా తీసుకుని రెండో గాడిని ఖాళీగా ఉంచుకోవడం మంచిది. వేగం కొంత తగ్గినా, ధరలు దిగాక రెండోది చేర్చుకోవచ్చు. ఇలా విడతలవారీగా కొనుక్కునే వీలు కన్సోల్‌కు లేదు. మొదటి ఏడాది గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్‌తో సర్దుకుని, ఆర్నెల్లకో ఏడాదికో కార్డు కొనుక్కోవచ్చు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్ కార్డు లేకుండానే వాలరెంట్, జీటీఏ 5 లాంటి ఆటలను నడిపిస్తుంది. జీతం మీద బతికే ఇంటికి ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు.

ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. పాతిక వేల కార్డు కొని, క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరులేని ఎస్ఎంపీఎస్‌కు తగిలించడం ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టే. అది పోతే ఒంటరిగా పోదు, మదర్‌బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతుంది.

కొనే చోటు విషయంలో ఈ జిల్లాలవారికి ఒక సౌకర్యం ఉంది. తిరుపతిలో ఉదయం గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు నాలుగు గంటల్లో చెన్నై సెంట్రల్. అక్కడి నుంచి మౌంట్ రోడ్డు పక్కనున్న కంప్యూటర్ విడిభాగాల అంగళ్ల వీధి రిచీ స్ట్రీట్ ఎంతో దూరం లేదు. చిత్తూరువారికైతే ఒకవైపు చెన్నై, ఇంకోవైపు అలాంటి అంగళ్లే ఉన్న బెంగళూరు ఎస్పీ రోడ్డు, రెండూ బస్సు దూరమే. తమిళం, కన్నడం చెవిన పడుతూ పెరిగిన ఊళ్లు కాబట్టి బేరానికి భాష అడ్డు రాదు. ఆ వీధుల్లో కొన్ని వేలు మిగిలే మాట నిజం. కానీ బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామన్న మాటకు లొంగకూడదు. కార్డుకు మూడేళ్ల వారంటీ ఉన్నా, చేతిలో బిల్లు లేకపోతే అది కాగితం మీది మాటే. పైగా తిరుపతిలోనే కొంటే, యంత్రం మొరాయించిన రోజున సంచిలో పెట్టుకుని గాంధీ రోడ్డు దాకా నడిచివెళ్లి చూపించుకోవచ్చు. రెండు వేల తేడాకు ఊళ్లోని దుకాణాన్ని వదులుకోవడం తెలివైన పని అనిపించదు.

ఇక టీవీ సంగతి. కన్సోల్ వాదనలో సగం బలం ఇంట్లో అప్పటికే టీవీ ఉందన్నదే. తిరుపతి ప్రాంతానికి టీవీ కొత్త వస్తువు కాదు, డిక్సన్ సంస్థ ఎల్ఈడీ టీవీలు తయారుచేసే కర్మాగారం ఇక్కడే ఉంది. 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. అయితే హాల్లోని టీవీ ఆడేవారి ఒక్కరి సొత్తు కాదు. సాయంత్రం ఎస్వీబీసీలో శ్రీవారి సహస్రదీపాలంకరణ సేవ ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది, నాన్నమ్మ కుర్చీ అప్పటికే టీవీ ముందుకు చేరి ఉంటుంది. ఆ తర్వాత సీరియళ్లు, ఆ తర్వాత వార్తలు. ఐపీఎల్ నెలల్లో రాత్రి పదకొండు దాకా కన్సోల్‌కు వంతు రాదు. కన్సోల్ కొన్న ఏడాదికి రెండో టీవీ కొన్న ఇళ్లు ఉన్నాయి. ఆ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి.

వంతు దొరికినప్పుడు టీవీలో ఒక పని తప్పక చేయాలి. పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది. మామూలు మోడ్‌లో టీవీ ప్రతి బొమ్మకూ మెరుగులు దిద్దాక గానీ తెరమీద చూపించదు. బటన్ నొక్కిన క్షణానికీ బ్యాటు కదిలిన క్షణానికీ మధ్య ఆ దిద్దుబాటు సమయం చేరుతుంది. క్రికెట్ ఆటలో బంతి స్టంపులను తాకాక బ్యాటు ఊగుతుంటే ఆడేవారు కంట్రోలర్‌ను తిడతారు. చాలాసార్లు దోషం టీవీలోని ఆ ఒక్క సెట్టింగుదే.

ఇప్పుడు ఆటల దగ్గరికి వద్దాం. ఏ ఆట ఆడాలని కొంటున్నామో ముందే తేల్చుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. కౌంటర్ స్ట్రైక్ 2 పీసీలో తప్ప లేదు. వాలరెంట్ 2020లో పీసీలో మొదలై, 2024లో కన్సోళ్లకు వచ్చినా, పీసీవారూ కన్సోల్‌వారూ ఒకే మ్యాచ్‌లో కలవరు. హాస్టల్ స్నేహితులంతా పీసీలో ఆడుతుంటే, కన్సోల్ కొన్నవాడు ఒంటరివాడవుతాడు. గురి చూసి కాల్చే ఆటల్లో మౌస్‌కు ఉన్న పదును కంట్రోలర్ పుల్లకు రాదు. ఫుట్‌బాల్, కార్ల పందెం, క్రికెట్ లాంటివాటికి కంట్రోలరే హాయి. ఆ కంట్రోలర్‌ను పీసీకీ తగిలించుకోవచ్చు. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని ఆడే సుఖం మాత్రం హాల్లోని కన్సోల్‌దే, మానిటర్ ముందు రెండు కుర్చీలు ఇరుకే.

కొన్ని పెద్ద కథల ఆటలు కన్సోల్‌కు ముందు వస్తాయి, పీసీకి ఆలస్యంగా వస్తాయి. జీటీఏ 5 కన్సోళ్లలో 2013 సెప్టెంబరులో వస్తే, పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు ఏడాది పైన పట్టింది. 2022 నవంబరులో పీఎస్5లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పీసీ గడప తొక్కింది 2024 సెప్టెంబరులో. జీటీఏ 6ను కూడా ముందుగా ప్రకటించింది కన్సోళ్లకే. మొదటి రోజునే ఆడాలన్న తపన ఉన్నవారికి ఈ ఒక్క కారణం చాలు, కన్సోల్ కొనడానికి. ఆగగలిగినవారికి పీసీ ఆ ఆలస్యాన్ని తక్కువ ధర రూపంలో తిరిగి ఇస్తుంది.

ఈ చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తని విషయం ఒకటుంది. మన ఊళ్లలో అందరికంటే ఎక్కువ కాలం బతికిన ఆట ఏ కన్సోల్‌దీ కాదు. ఈఏ స్పోర్ట్స్ 2006 నవంబరులో విడుదల చేసిన క్రికెట్ 07 అది. ఆ తర్వాత ఆ కంపెనీ ఈ వరుసలో మరో క్రికెట్ ఆట తీయనే లేదు. అదే ఆట అప్పట్లో పీఎస్2లోనూ వచ్చింది. పీఎస్2 డిస్కులో ఉన్నది ఆ రోజు ఎలా ఉందో అలాగే నిలిచిపోయింది. ఆ డిస్కును పీఎస్5 చదవనైనా చదవదు. పీసీలోని ఆటకు మాత్రం అభిమానులు ఏళ్ల తరబడి కొత్త జట్లు, కొత్త జెర్సీలు, కొత్త మైదానాలు తొడుగుతూ వచ్చారు. ద్రవిడ్, సచిన్‌ల కాలపు ఆటలో నేటి ఐపీఎల్ కుర్రవాళ్లు ఆడుతున్నారు. కార్డు లేని పాత కంప్యూటర్‌లో కూడా అది నడుస్తుంది. కన్సోల్‌లో ఆట కంపెనీ చేతుల్లో ఉంటుంది, పీసీలో ఆడేవారి చేతుల్లోకి వస్తుంది. ఈ తేడాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. పీఎస్4 ఆటలు దాదాపు అన్నీ పీఎస్5లో నడుస్తాయి, అది మెచ్చుకోదగ్గదే. కానీ ఇరవై ఏళ్లనాటి ఆటను ఇవాళ మళ్లీ తెరిచి, బాగుచేసుకుని ఆడుకోవడం పీసీకే చెల్లింది.

ఆటల ధరల్లో రెండింటికీ ఎవరి దారి వారిది. సోనీ పెద్ద ఆటలు పీఎస్5కు విడుదల రోజున 4,999 రూపాయలకు వచ్చాయి. పీసీ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2015 నుంచి రూపాయల్లో ధరలు పెడుతోంది. పండగ తగ్గింపుల్లో పాత పెద్ద ఆటలు సగానికీ, అంతకంటే తక్కువకూ దొరుకుతాయి. అలాంటిదే మరో దుకాణం ఎపిక్ స్టోర్ వారం వారం ఉచితంగా ఆటలు ఇస్తుంది. లాక్‌డౌన్ రోజుల్లో, 2020 మే నెలలో, జీటీఏ 5నే ఉచితంగా ఇచ్చింది. ఆన్‌లైన్‌లో ఆడటానికి పీసీలో వేరే చందా లేదు. పీఎస్5లో ఉచిత ఆటలను మినహాయిస్తే మిగతావాటికి పీఎస్ ప్లస్ చందా కట్టాలి. కన్సోల్ పక్షాన ఉన్న అసలైన ఆయుధం డిస్కు. ఆడేసిన డిస్కును అమ్ముకోవచ్చు, మరొకరితో మార్చుకోవచ్చు. అందుకే పదివేలు తగ్గుతుందని డిస్కు లేని డిజిటల్ కన్సోల్ కొనడం చాలామందికి నష్టం, నాలుగైదు ఆటల్లోనే ఆ పదివేలు కరిగిపోతాయి. స్లిమ్ నమూనాకు డిస్క్ డ్రైవ్‌ను తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు. మొదటిసారి జత కలపడానికి ఇంటర్నెట్ కావాలి.

క్రాక్ చేసిన ఆటలు, అంటే దొంగ కాపీలు, ఉచితంగా దొరుకుతాయి కాబట్టి పీసీయే మేలని కొందరు లెక్క వేస్తారు. ఆ లెక్కను ఇక్కడ కలపడం లేదు. కష్టపడి చేసినవారికి దక్కాల్సింది దక్కకపోవడం ఒక తప్పయితే, క్రాక్ ఫైళ్లతో పాటు వచ్చే వైరస్‌లు అదే కంప్యూటర్‌లో ఉన్న బ్యాంకు పాస్‌వర్డుల మీద పడటం రెండో కీడు.

ఎండ గురించి ఎక్కువగా చెప్పుకోవాలి. ఎక్కడో చల్లటి దేశంలో రాసిన సలహాలు ఇక్కడ సరిపోవు. పీఎస్5 వాడాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని సోనీ సూచనల పుస్తకంలోనే ఉంది. మే నెల తిరుపతిలో బయట నలభై దాటుతుంది, డాబా ఇంటి పై అంతస్తు గదిలో సాయంత్రానికి కూడా వేడి దిగదు. ఆ గదిలో కన్సోల్‌ను టీవీ కింద చెక్క అరలో, ఫొటో ఫ్రేముకూ సెట్‌టాప్ బాక్సుకూ మధ్య ఇరికిస్తారు. ముందు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదిలే యంత్రం అది. అర వెనక భాగం మూసి ఉంటే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఫ్యాను శబ్దం పెరుగుతుంది, వేడెక్కిందన్న హెచ్చరిక వస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. అర బయట, నాలుగు వైపులా జానెడు ఖాళీ వదిలి పెడితే చాలావరకు తీరే సమస్య ఇది.

పీసీకి దుమ్ము శత్రువు. మూడు నెలలు రోడ్డు పక్క ఇంట్లో నడిచిన క్యాబినెట్ పక్క పలక విప్పితే, ప్రాసెసర్ మీద వేడిని లాగే హీట్ సింక్ రేకుల మధ్య బూడిద రంగు దూదిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం ఆ దూదిని దాటదు. కరెంటు తీసేసి, ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి కుంచెతో రేకుల వెంట దులిపి, బ్లోయర్‌తో ఊదాలి. రెక్కను పట్టుకోకుండా ఊదితే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతింటుంది. అరగంట పని. చేయగానే ఉష్ణోగ్రత దిగడం తెర మీదే కనబడుతుంది. కన్సోల్‌లోనూ దుమ్ము చేరుతుంది, పీఎస్5 పక్క పలకలు విప్పితే దుమ్ము లాగడానికి రెండు రంధ్రాలు కనిపిస్తాయి. కానీ దానికి మించి లోపలికి వెళ్లడం ఇంట్లో చేసే పని కాదు. ప్రాసెసర్ మీద ద్రవ లోహం పూసి ఉంటుంది.

కరెంటు బిల్లు భయం మాత్రం అనవసరం. పెద్ద ఆట నడిచేటప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు తాగుతుంది, పెద్ద టీవీ మరో వంద. మధ్యరకం కార్డున్న పీసీ మానిటర్‌తో కలిపి దాదాపు అంతే. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 27 యూనిట్లు. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం పరిధిలో 126 నుంచి 225 యూనిట్ల స్లాబులో యూనిట్‌కు ఆరు రూపాయల చొప్పున, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెడితే, 162 రూపాయలు. అదే గదిలో ఏసీ వేసుకుంటే అసలు బిల్లు అక్కడ పుడుతుంది.

కరెంటు పోవడం వేరే సంగతి. చదువు కంప్యూటర్‌కు సరిపోయే 600 వీఏ యూపీఎస్ గ్రాఫిక్స్ కార్డు చేరాక చాలదు. ఆట మధ్యలో కరెంటు పోగానే అరిచి ఆగిపోతుంది. కనీసం 1000 వీఏ కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ అనే మీట ఉందేమో చూసి, అటు తిప్పుకుంటే మారే వ్యవధి తగ్గుతుంది.

ఇంటర్నెట్ విషయంలో ఇద్దరి కష్టమూ ఒకటే. 150 జీబీ ఆట వంద ఎంబీపీఎస్ కనెక్షన్‌లో దిగడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు, ముప్పై ఎంబీపీఎస్‌లో పదకొండు గంటలు పడుతుంది. డిస్కు కొన్నా తాజా మార్పులు దించుకోక తప్పదు.

హాస్టల్‌లో ఉండేవారికి గేమింగ్ ల్యాప్‌టాప్ ఒక్కటే దారి కావచ్చు. కొనేటప్పుడు కార్డు పేరు చూసి మోసపోకూడదు. ఆర్‌టీఎక్స్ 4060 అని రాసి ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఆ చిప్‌కు అందే కరెంటు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉంటుంది. పేరు ఒకటే, పనితనంలో భారీ తేడా. ఆ వాట్ల సంఖ్య ఎంతో అడిగి తెలుసుకోవాలి. ఇంట్లోనే ఉండి కాలేజీకి వెళ్లివచ్చేవారికి మాత్రం డెస్క్‌టాప్‌కు మించింది లేదు. అదే డబ్బుకు ఎక్కువ శక్తి, చల్లగా నడిచే గుణం, చెడిన భాగాన్ని ఒక్కదాన్నే మార్చుకునే వీలు దానికే ఉన్నాయి.

ఉద్యోగస్థుల విషయంలో కన్సోల్ వైపు మొగ్గడానికి ధర ఒక్కటే కారణం కాదు. పీసీలో ఆట మొదలుపెట్టేసరికి డ్రైవర్ అప్‌డేట్, షేడర్ల కూర్పు, సెట్టింగుల సర్దుబాటు వరసగా ఎదురవుతాయి. ఒక్కో పీసీలో ఒక్కో కార్డు ఉంటుంది కాబట్టి షేడర్లనే వెలుగునీడల చిన్న ప్రోగ్రాములను అక్కడికక్కడే కూర్చుకోవాలి. ఆ పని జరిగేటప్పుడు బొమ్మ తడబడుతుంది. ఒకే నమూనా కన్సోళ్లన్నిటిలో చిప్పు ఒకటే కాబట్టి ఆ కూర్పును ఆట తయారీదారులే ముందుగా చేసి పంపుతారు. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక దొరికే గంటలో పావుగంట సెట్టింగులకే పోవడం నిజమైన నష్టం. కన్సోల్ బటన్ నొక్కితే నిన్న ఆపిన చోటే ఆట తెరుచుకుంటుంది.

విద్యార్థి ఉన్న ఇంటికి పాత కార్డు కూడా మంచి మార్గమే, కొన్ని షరతులతో. అమ్మేవారి ఇంటికి వెళ్లి, కార్డును వారి కంప్యూటర్‌లోనే పెట్టించి, బరువైన ఆట ఏదైనా అరగంట నడిపించి చూడాలి. తెర మీద రంగు చుక్కలు వస్తున్నాయా, ఫ్యానులన్నీ తిరుగుతున్నాయా, ఉష్ణోగ్రత ఎనభై అయిదు దాటుతోందా అన్నది గమనించాలి. స్క్రూల మీది వారంటీ స్టిక్కరు చిరిగి ఉంటే కారణం అడగాలి. బిల్లులోని సీరియల్ నంబరు, కార్డు వెనక ఉన్న నంబరు ఒకటేనని సరిచూసుకున్నాకే డబ్బు చేతికివ్వాలి.